కోయని పాఠం

మా వదినతో నాకు పేచీ లేని రోజంటూ ఉంటే, ఆ రోజు మేమిద్దరం చెరో ఊళ్ళో ఉండి ఉండాలి. ఆవిడ మా ఆయనకి సొంత అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కదా, నా అదృష్టం కొద్దీ ఆ అర్ధమొగుడు ఇంట్లో చాలదన్నట్టు నేను పనిచేసే చోట కూడా దాపురించింది. ఆవిడ నర్సింగ్ కాలేజీలో పాఠం చెబుతుంది. నేను అదే కాలేజీలో ఆ పాఠాల్ని రికార్డు చేసి, సర్ది, పిల్లలు ఫోన్లలో చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టే విభాగం చూస్తాను. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. లెక్చర్ హాలు వెనక అద్దం కిటికీ ఉన్న ఒక ఇరుకు గది, రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా నాకోసం కాదు, కంప్యూటర్లు వేడెక్కకుండా పెట్టింది.

పాఠం చెప్పేవాళ్ళకి పాఠం చెప్పడమంత కష్టం లోకంలో ఇంకోటి లేదు. మైకు చార్జింగ్ పెట్టుకోండి బాబూ అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. స్లైడు మీద ఉన్నదే చదవకండి అంటే, "మరి రాసిందెందుకమ్మా?" అని నన్నే నిలదీస్తారు. వీళ్ళతో వేగి వేగి నా నోరు ఇలా తయారైందిగానీ, పుట్టినప్పుడు నేనూ నెమ్మదస్తురాలినే.

మా పిల్లలు పొద్దంతా వార్డుల్లో డ్యూటీ చేసి, తిరుగు బస్సులో ఒంటికాలి మీద నిలబడి పాఠం వింటారు. గంటసేపటి వీడియో పెడితే చివరిదాకా చూసే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాను. మాట లేని చోటల్లా అదే వెతికి కత్తిరించేస్తుంది. దానికి మా గదిలో పెట్టుకున్న పేరు కత్తెర. దగ్గులు, బోర్డు తుడవడాలు, మాట కోసం వెతుక్కోవడాలు అన్నీ ఎగిరిపోయి పాఠం చిక్కగా మిగులుతుంది. కాలేజీలో అందరూ మెచ్చుకున్నారు, మా వదిన తప్ప.

మా వదిన చెప్పే సబ్జెక్టు రోగిని చూడటం. మంచం మీదున్న మనిషిని ఎలా గమనించాలి, ఏం అడగాలి, అడిగాక ఎలా ఊరుకోవాలి, ఇదంతా ఆవిడ నేర్పుతుంది. ప్రశ్న వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. ఎంతసేపైనా సరే, జవాబు రావలసిందే. క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

"నేను ఊరుకున్నదంతా కోసి పారేస్తే ఇంకేం మిగిలిందే?" అని మొదటి వీడియో చూడగానే నా గది మీదికి వచ్చింది. "ప్రశ్న వెనకే జవాబు వినపడిపోతే పిల్లలు ఆలోచించేదెప్పుడు?"

"ఊరికే నిలబడ్డ మీ బొమ్మని బస్సులో ఎవరు చూస్తారు వదినా?"

"చూడటం రాకపోతే రేపు వాళ్ళ రోగులు చస్తారు."

"మీరు ప్రతిదానికీ చావు తెస్తారు!"

చివరికి ఒక రాజీకి వచ్చాం. ఆవిడ అడిగి ఊరుకున్న చోట వీడియో ఆగిపోతుంది. తెర మీద ఆ ప్రశ్న కనపడుతుంది. చూస్తున్న పిల్ల తనకి తోచిన జవాబు రాస్తేనే పాఠం ముందుకి కదులుతుంది. దీనికోసం నేను చేత్తో చేయవలసిన పని చాలా ఉంది. కత్తెర మాటలేని చోట్లన్నీ వెతికి చూపిస్తుంది. నేను ఒక్కో చోటికీ వెళ్ళి, దానికి ముందు ఆవిడ అడిగిన ప్రశ్న విని, రాసి పెట్టాలి. తిట్టుకుంటూనే చేశాను. తీరా చూస్తే పిల్లలు ఆ ప్రశ్నల దగ్గర ఆగుతున్నారు, రాస్తున్నారు. ఈసారి బ్యాచ్ రోగి దగ్గర తొందరపడటం లేదని ఆసుపత్రి సిస్టర్లే చెప్పారు. మిగతా లెక్చరర్లని కూడా ఇలాగే చేయమని ప్రిన్సిపాల్ చెప్పారు. నాకు కాస్త తలపొగరెక్కిన మాట నిజం. మా వదిన ఒకసారి టీ తనే తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆవిడ నుంచి అదే సన్మానం.

ఈ టర్ములో కత్తెర నాకు కొత్త తలనొప్పి పెట్టింది. మాటలేని చోటు చూపిస్తుంది, వెళ్ళి వింటే దానికి ముందు ప్రశ్నే ఉండదు. వాక్యం నడుస్తూ నడుస్తూ మధ్యలో తెగి, ఖాళీ తర్వాత మళ్ళీ అందుకుంటుంది. "ముందు చర్మం రంగు చూడాలి, తర్వాత..." అని ఖాళీ. అంతా అయ్యాక "గోళ్ళు" అని వినపడుతుంది. మైకు చెడిందనుకున్నాను. మా వృత్తిలో ఏ రోగానికైనా మొదటి ముద్దాయి మైకే. బ్యాటరీ మార్చాను, మైకు మార్చాను, పక్క హాలు నుంచి కేబుల్ లాక్కొచ్చి ఆ హాలు మాస్టారి చేత తిట్లు తిన్నాను. ఖాళీలు పోలేదు సరికదా, పెరిగాయి.

"మైకు మీద చెయ్యి అడ్డం పెడుతున్నారా వదినా?" అని అడిగాను.

"పెడుతున్నానేమోనే."

నేనన్నది ఆవిడ ఒప్పుకోవడం! నేను తేరుకునేలోపు ఇంకో మాట కూడా అంది. "ఆ ఖాళీలన్నీ నీ కత్తెరకే ఇచ్చెయ్. ప్రశ్నలూ అవీ పెట్టుకుంటూ కూర్చోకు, నీకు మాత్రం ఎంత పని! అన్నీ కోసెయ్."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి గొప్పగా చెప్పాను, మీ అక్క దారికొచ్చిందని. ఆయన నవ్వి, "మా అక్కా? ఒంట్లో బాగుందో లేదో కనుక్కో" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మామూలుగా నేను బొమ్మ చూడను. శబ్దం గీత చూస్తే చాలు. మాట ఉన్న చోట ఆ గీత లేస్తుంది, లేని చోట పడుకుంటుంది. మర్నాడు మాత్రం బొమ్మ తెరిచాను, మైకుని ఎలా మూసేస్తోందో కళ్ళారా చూసి, సాక్ష్యంతో సహా పోట్లాడదామని. మైకు కాలరు దగ్గర చక్కగా ఉంది. చెయ్యి దాని దరిదాపుల్లో లేదు. నోరు తెరిచే ఉంది. పెదవులు ఏదో మాటని పట్టబోయి వదిలేసి, మళ్ళీ పట్టబోతున్నాయి. అడిగి ఊరుకునేటప్పుడు మా వదిన చూపు ఎదుటి మనిషి మీదే నిలుస్తుంది. ఇప్పుడు ఆ కళ్ళు గోడ మీంచి తలుపు మీదికి, తలుపు మీంచి చేతిలో పెన్ను మీదికి పరుగెడుతున్నాయి. ఎంతకీ రాని ఆ మాట "గోళ్ళు".

వెనకటి పాఠాలు ఒక్కొక్కటే తెరిచాను. టర్ము మొదలైన దగ్గర్నుంచీ ఉన్నాయి. ప్రశ్న లేని ఖాళీలే కదా అని నేను వదిలేస్తే, కత్తెర వాటన్నిటినీ శుభ్రంగా తీసి పారేసింది. ఆన్‌లైన్‌లో కనపడే మా వదిన ఎక్కడా తడుముకోని మనిషి. చూసి చూసి లేచి ఆవిడ కోసం వెళ్ళాను.

ప్రాక్టీసు వార్డులో ఉంది. వరసగా మంచాలు, వాటి మీద పిల్లలు నేర్చుకోవడానికి పెట్టిన రబ్బరు రోగులు. ఆవిడ ఒక మంచం మీద దుప్పటి అంచు మడిచి పరుపు కిందికి దోపుతోంది.

"వదినా, మైకు బాగానే ఉంది."

ఆవిడ తల తిప్పలేదు. "తెలుసే."

"డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. తలకి స్కాను తీశారు. మెదడులో మాటలుండే చోటు కొద్దికొద్దిగా ఎండిపోతోందట. మందు లేదట. ముందు పేర్లు పోతాయి, తర్వాత మిగతావి. తెలివి మాత్రం ఇప్పట్లో పోదన్నాడు. అది కూడా పోతే హాయిగా ఉండేది."

"ఒక్కరే వెళ్ళారా? ఇంట్లో మేమంతా చచ్చామనుకున్నారా?" నాకు ఏడుపు రావలసిన చోట ముందు కోపం వస్తుంది.

"అరవకే, రోగులు లేస్తారు" అంది రబ్బరు బొమ్మల్ని చూపిస్తూ. నాకు నవ్వు రాలేదు. ఆవిడ దుప్పటి వదిలేసి మంచం అంచు మీద కూర్చుంది. "ఈ ఒక్క బ్యాచ్‌ని ఒడ్డెక్కించనీ. అప్పటిదాకా నీ కత్తెర ఆపకు. తమ్ముడికి చెప్పకు. వాడికి తెలిస్తే రేపే ఇంట్లో కూర్చోబెడతాడు. నీకు దణ్ణం పెడతాను."

నా పెళ్ళయిన నాటినుంచీ ఆ నోట ఆజ్ఞలే విన్నాను. ఆవిడ బతిమాలడం చూడలేక సరేనన్నాను.

ఆ తర్వాత ఇంట్లో మింగలేక కక్కలేక నా పని ఘోరమైంది. మా ఆయన, "అక్కకి ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది, మళ్ళీ మీ ఇద్దరికీ చెడిందా?" అని అడుగుతాడు. నేను కూర గిన్నె ఆయన వైపు జరిపి మాట మారుస్తాను. కాలేజీలో కూర్చుని ఖాళీలు కోస్తాను. ఒక్కో ఖాళీ కోసినప్పుడల్లా ఆవిడకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

పక్షవాతం పాఠం వచ్చింది. ఒక పక్క చచ్చుబడ్డ రోగిని ఎలా గుర్తుపట్టాలో చెబుతూ, ఎడమచెయ్యి పైకెత్తి చూపించి "కుడిచెయ్యి" అంది. మళ్ళీ దిద్దుకోలేదు. తను అన్నది తనకి వినపడినట్టే లేదు. నాకు వైద్యం రాదుగానీ ఏది కుడో ఏది ఎడమో తెలుసు. ఆ ముక్క దగ్గర బాణం గుర్తు పెట్టి కోయబోయాను. నిమిషం పని కూడా కాదు. వీడియోలోంచి ఆ తప్పు పోతుంది. హాల్లో కూర్చుని రాసుకున్న పిల్లల బుర్రల్లోంచి ఎలా పోతుంది? రేపు వాళ్ళలో ఒకతె ఎవరి మంచం పక్కనో నిలబడుతుంది. ఆ మంచం మీద మా అమ్మే ఉండొచ్చు. నా చెయ్యి ఆడలేదు.

క్లాసు అయ్యి వస్తుంటే వరండాలోనే ఆపాను. "నేనిక కొయ్యను వదినా. నావల్ల కాదు."

"మాటిచ్చావు కదే!"

"ఇచ్చాను. ఇవాళ మీరు తప్పు చెప్పారు."

ఆవిడ మొహం కందగడ్డయింది. "ఇన్నేళ్ళలో నా నోట తప్పు రాలేదు. ఇదే అదనని నామీద కసి తీర్చుకుంటున్నావా?"

"అవును, తీర్చుకుంటున్నాను! రండి, ఎలా తీర్చుకుంటున్నానో చూద్దురుగాని!" అని చెయ్యి పట్టుకుని నా గదిలోకి లాక్కుపోయి కుర్చీలో కూర్చోబెట్టాను. నా కళ్ళు కారిపోతున్నాయి, ముక్కు కూడా. కోయని పాఠం మొదట్నుంచీ పెట్టాను.

ఆవిడ తనని తాను ఎవరో పరాయి రోగిని చూసినట్టు చూసింది. ఖాళీలు వచ్చినప్పుడు తల పంకించింది. ఎడమచెయ్యి ఎత్తి కుడి అన్న చోట మాత్రం కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "ఆ రెండోది పెద్దది చెయ్" అంది. హాల్లో రెండు కెమెరాలుంటాయి. ఒకటి పాఠం చెప్పేవాళ్ళని తీస్తుంది, ఇంకోటి పిల్లల్ని. పిల్లల బొమ్మ నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. పెద్దది చేసి ఇచ్చాను.

"ఆపు. ఆ మూడో వరస దాన్ని చూడు, పక్కదాన్ని మోచేత్తో పొడిచింది. ఇది తల దించేసుకుంది. ఈ పొడుగు పిల్ల చూశావా, రాసింది కొట్టేసి దిద్దుకుంది." ఆవిడ గొంతు తగ్గింది. "ముందరి పాఠం పెట్టు. దాని ముందరిది కూడా."

పెట్టాను. ఆవిడకి మాట తెగిన ప్రతిచోటా పిల్లల చూపులు కిందికి వాలుతున్నాయి, మాట అందగానే మళ్ళీ ఏమీ ఎరగనట్టు పైకి లేస్తున్నాయి.

"వీళ్ళందరికీ తెలుసే" అంది.

"మంచిదే కదా వదినా. తప్పు ఎవరూ రాసుకోలేదు."

"మంచిదా?" అని నా మీదికి లేచింది. "చూడమని నేర్పాను, చూశారు. చూసింది చెప్పమని కూడా నేర్పాను. నోరు నొక్కేసుకున్నారు! నీ కత్తెరంటే యంత్రం, దానికి బుద్ధి లేదు. వీళ్ళకేం రోగం? రేపు పెద్ద డాక్టరు చెయ్యి వణికినా ఇలాగే తల దించుకుంటారా?" అని బల్ల మీద చేత్తో కొట్టింది. అంతలోనే ఆ చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. మా అత్తగారు పోయినప్పుడు అందర్నీ ఓదార్చిన మనిషి. ఆవిడ ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. వీపు నిమురుతూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే తనే వెళ్ళి ప్రిన్సిపాల్‌కి అంతా చెప్పింది. ఆయన మంచివాడు, సెలవు పెట్టండి, మిగతా పాఠాలు ఇంకొకరికి ఇస్తానన్నాడట. ఒక్క క్లాసు నాకు వదలండి, ఆ తర్వాత మీ ఇష్టం అని వచ్చింది. హాల్లోకి వెళ్తూ నా కిటికీ దగ్గర ఆగి, "ఇవాళ్టిది కోశావంటే నీ వేళ్ళు కోస్తాను" అంది.

బోర్డు ముందు కుర్చీ వేసుకుని పిల్లలకి ఎదురుగా కూర్చుంది. "ఇవాళ రోగిని నేను" అంది. "ఈ టర్ములో నాలో ఏం చూశారో చెప్పండి."

ఎవరూ కదల్లేదు. నేను ఈవల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. చాలాసేపటికి పొడుగు పిల్ల లేచింది.

"మేడమ్, మీరు కొంచెం అలసిపోయినట్టు అనిపించింది."

"అనిపించింది నాకొద్దు. ఏం చూశావు?"

"మాట మధ్యలో ఆగిపోతున్నారు. వస్తువుల పేర్ల దగ్గర ఎక్కువగా."

"రాయి బోర్డు మీద. ఇంకా?"

ఇంకొకతె లేచింది. "థర్మామీటర్ అనడానికి 'అది, జ్వరం చూసేది' అన్నారు మేడమ్." వెనక నుంచి ఎవరో, "చేతిలో పెన్ను పట్టుకుని పెన్ను ఎక్కడుందని అడిగారు" అన్నారు. ఒక పిల్ల ఆపుకోలేక నవ్వి, నాలుక కరుచుకుంది. మా వదిన కూడా నవ్వింది. దాంతో కట్ట తెగింది. ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు. "మా పేర్లు పిలవడం మానేశారు, వేలితో చూపిస్తున్నారు." "మొన్న కుడికీ ఎడమకీ తేడా పోయింది." బోర్డు సగం నిండింది. తమ్ముడూ మరదలూ సొంతవాళ్ళై ఉండి చూడనివన్నీ ఆ పిల్లలు చూశారు.

"ఇంత చూసి నాకెందుకు చెప్పలేదు?"

పొడుగు పిల్ల బోర్డు దగ్గరే నిలబడి, "మీరు బాధపడతారని మేడమ్" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

మా వదిన జవాబు చెప్పబోయింది. మాట రాలేదు. పెదవులు కదులుతున్నాయి. ముందు వరస పిల్ల నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. ఈసారి ఎవరూ తల దించుకోలేదు.

"ఒక్కదాన్నే... మోశాను" అంది ఎట్టకేలకు. "మీరు చెప్పుంటే ఇంత ఒక్కదాన్నయ్యేదాన్ని కాదు." తర్వాత ఎదురుగా ఇంకో కుర్చీ చూపించింది. "నువ్విప్పుడు నర్సువి. వచ్చి కూర్చుని నన్ను అడుగు."

ఆ పిల్ల వచ్చి కూర్చుంది. మేడమ్ అనడం మానేసి, వార్డులో పెద్దవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. "అమ్మా, ఇంట్లో ఎవరికి తెలుసు?"

"మరదలికి తెలుసు. తమ్ముడికి తెలీదు. ఇవాళ చెప్పాలి."

"మీకు దేనికి ఎక్కువ భయంగా ఉందమ్మా?"

మా వదిన చాలాసేపు ఆలోచించింది. ఆ పిల్ల కదలకుండా, ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చుంది. నాకైతే మైకులోంచి అరిచి ఏదో ఒక మాట అందించాలనిపించింది. చావు అని, మంచాన పడటం అని, నాకు తోచినవన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిలో ఒక్కటీ కాదు.

"నాకు మాట ఆలస్యమైతే... నా వాళ్ళు నా బదులు మాట్లాడేస్తారని" అంది.

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. రికార్డింగు నడుస్తూనే ఉంది. వరండాలోకి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమండీ, పని వదిలేసి కాలేజీకి రండి. వదిన మీతో ఏదో చెప్పాలట."

"మళ్ళీ పోట్లాడుకున్నారా? నీ గొంతు అలా ఉందేంటి? ఏం చెప్పాలట, నువ్వే చెప్పు."

చెప్పేసేదాన్నే. రెండు ముక్కల్లో అయిపోయేది.

"ఆవిడే చెప్తారు" అన్నాను. "కాస్త ఆలస్యం అవుతుంది. మీరు మాత్రం మధ్యలో అందించకండి."